యూరప్‌లో ఇండస్ట్రియల్ ఇన్వర్టర్ బిగించేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

యూరప్‌కు వెళ్లే మెషిన్లకు కంట్రోల్ ప్యానెళ్లు కట్టడం, అక్కడికి వెళ్లి వాటిని నడిపించి అప్పజెప్పడం నా పని. హైదరాబాద్ చుట్టుపక్కల ఫార్మా మెషిన్లు చేసే వర్క్‌షాపుల నుంచీ, జర్మనీలో, ఇటలీలో కొత్తగా ఉద్యోగాల్లో చేరిన మన కుర్రాళ్ల నుంచీ నాకు వచ్చే ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటాయి. ఫోన్లో చెప్పిందే చెప్పి అలసిపోయి ఇక్కడ రాసి పెడుతున్నాను. లెక్కలన్నీ 400 వోల్టుల త్రీ ఫేజ్ డ్రైవ్‌ను దృష్టిలో పెట్టుకుని ఇచ్చినవి. మీ దగ్గరున్న డ్రైవ్ మాన్యువల్ ఇంకా గట్టి నియమం చెబితే దాన్నే పాటించండి.

ఇన్వర్టర్ అంటే ఇంట్లో కరెంటు పోతే ఫ్యాను తిప్పేదేనా?

కాదు. మన ఇళ్లలో ఇన్వర్టర్ అనగానే బ్యాటరీ గుర్తొస్తుంది. ఫ్యాక్టరీలో ఆ పేరుతో పిలిచేది మోటారు వేగాన్ని మార్చే డ్రైవ్‌ని, అంటే వీఎఫ్‌డీని. లోపలికి వచ్చిన ఏసీని ముందు డీసీగా మారుస్తుంది. ఆ డీసీని సెకనుకు వేలసార్లు స్విచ్ చేసి, మోటారుకు కావలసిన ఫ్రీక్వెన్సీలో మళ్లీ ఏసీలాగా ఇస్తుంది. కింద వచ్చే తలనొప్పులన్నీ ఈ రెండు మెట్ల దగ్గరే పుడతాయి. మొదటి మెట్టులో కెపాసిటర్లలో ప్రమాదకరమైన డీసీ నిలవ ఉంటుంది. రెండో మెట్టులో స్విచింగ్ వల్ల నాయిస్ (పక్కనున్న ఎలక్ట్రానిక్స్‌ను తికమకపెట్టే విద్యుత్ అలజడి), ఎర్త్‌లోకి లీకేజీ వస్తాయి.

డ్రైవ్ మీద సీఈ గుర్తు ఉంది కదా, మా మెషిన్‌కి అది సరిపోదా?

సరిపోదు. అందరికంటే ఎక్కువగా అడిగేది ఇదే, ఎక్కువమంది బోల్తా పడేదీ ఇక్కడే. డ్రైవ్ తయారుచేసిన కంపెనీ సీఈ వేసిందంటే దాని అర్థం, "మా మాన్యువల్‌లో చెప్పినట్టు బిగిస్తే ఈ వస్తువు యూరప్ నియమాలకు సరిపోతుంది" అని. ఏ ఫిల్టర్, ఎలాంటి మోటారు కేబుల్, ఆ కేబుల్ ఎన్ని మీటర్ల వరకు, షీల్డ్ (కేబుల్ చుట్టూ ఉండే లోహపు అల్లిక) ఎక్కడ బిగించాలి, ఏ ఫ్యూజ్ వేయాలి అన్నవన్నీ ఆ షరతులోనే ఉన్నాయి. మీరు షీల్డ్ లేని కేబుల్ లాగారంటే డ్రైవ్ మీద గుర్తు అలాగే ఉంటుంది, కానీ ఆ మాట ఇక మీకు వర్తించదు. మెషిన్ మొత్తానికి సీఈ వేసి, డిక్లరేషన్ (నియమాలన్నీ పాటించామన్న రాతపూర్వక హామీ) మీద సంతకం పెట్టాల్సింది మెషిన్ తయారుచేసినవాళ్లే.

అసలు ఏయే చట్టాలు వర్తిస్తాయి?

రోజువారీ పనిలో తగిలేవి నాలుగైదు. ఒకటి లో వోల్టేజ్ డైరెక్టివ్, 2014/35/ఈయూ. ఏసీలో 50 నుంచి 1000 వోల్టులు, డీసీలో 75 నుంచి 1500 వోల్టుల మధ్య పనిచేసే సామాన్లకు ఇది వర్తిస్తుంది. రెండోది ఈఎంసీ డైరెక్టివ్, 2014/30/ఈయూ, నాయిస్ గురించి. డ్రైవ్ ఒక మెషిన్‌లోకి చేరితే మెషినరీ డైరెక్టివ్ 2006/42/ఈసీ వస్తుంది. దీని స్థానంలో మెషినరీ రెగ్యులేషన్ 2023/1230 అమల్లోకి వచ్చే తేదీ 2027 జనవరి 20. ఇప్పుడు డిజైన్ మొదలుపెట్టి అప్పటికి పంపేవాళ్లు కొత్తదే చూసుకోవాలి. ఇవి కాక 2019/1781 అనే ఎకోడిజైన్ రెగ్యులేషన్ ఉంది. దాని ప్రకారం 2021 జూలై 1 నుంచి 0.12 నుంచి 1000 కిలోవాట్ల వరకు ఉండే మామూలు త్రీ ఫేజ్ డ్రైవ్‌లు ఐఈ2 స్థాయిని (ఐఈ అంటే కరెంటు పొదుపు తరగతి, నంబరు పెరిగేకొద్దీ మెరుగు), 0.75 కిలోవాట్ నుంచి పైన మోటార్లు ఐఈ3 స్థాయిని అందుకోవాలి. 2023 జూలై నుంచి 75 నుంచి 200 కిలోవాట్ల మధ్య చాలా మోటార్లకు ఐఈ4 కావాలి. స్టోర్‌లో పడి ఉన్న పాత మోటారును కొత్త మెషిన్‌కు తగిలించి పంపేద్దామనుకునే ముందు దాని నేమ్‌ప్లేట్ ఒకసారి చూడండి.

చట్టం "సురక్షితంగా ఉండాలి" అని మాత్రమే అంటుంది. ఎలా అన్నది స్టాండర్డులు చెబుతాయి. డ్రైవ్ భద్రతకు ఈఎన్ 61800-5-1, నాయిస్‌కు ఈఎన్ 61800-3, డ్రైవ్‌లో ఉండే సేఫ్టీ ఫంక్షన్లకు ఈఎన్ 61800-5-2, మెషిన్ వైరింగ్‌కు ఈఎన్ 60204-1. ఒక్కటే కొనే స్తోమత ఉంటే ఈఎన్ 60204-1 కొనండి. ఇన్‌స్పెక్టర్ అడిగే ప్రశ్నల్లో ఎక్కువ భాగం అందులోంచే వస్తాయి.

ఒక ఏజెంట్ వారంలో "సీఈ సర్టిఫికెట్" ఇప్పిస్తానంటున్నాడు. తీసుకోవచ్చా?

డబ్బు దండగ. లో వోల్టేజ్, ఈఎంసీ డైరెక్టివ్‌ల కింద బయటి సంస్థ సర్టిఫికెట్ తప్పనిసరి కాదు. తయారీదారు తానే పరీక్షించి, టెక్నికల్ ఫైల్ కట్టి, డిక్లరేషన్ ఇస్తాడు. మెషిన్లలో కూడా ప్రెస్సుల వంటి కొన్ని ప్రమాదకరమైన రకాలకే వేరే దారి ఉంటుంది. మెషిన్‌ను చూడకుండా కాగితం చేతికిచ్చేవాడి సంతకానికి కోర్టులో విలువ ఉండదు. మీ డిక్లరేషన్ మీద మీ పేరే ఉంటుంది. ఆ ఖర్చుతో మంచి షీల్డ్ కేబుల్, ఇత్తడి ఈఎంసీ గ్లాండులు (కేబుల్ షీల్డ్‌ను చుట్టూ పట్టుకునే బిగింపులు) కొనుక్కోండి.

మన ప్యానెల్ వైరింగ్ రంగులు అక్కడ చెల్లుతాయా?

ఇది అక్షరాలా ప్రాణాల మీదకు తెచ్చే తేడా. మన పాత అలవాటు ప్రకారం ఎరుపు, పసుపు, నీలం ఫేజులు, నలుపు న్యూట్రల్. యూరప్‌లో నలుపు ఫేజు, లేత నీలం న్యూట్రల్! గోధుమ రంగు, నలుపు, బూడిద రంగు మూడు ఫేజులు, ఆకుపచ్చ-పసుపు చారల వైరు ఎర్త్. ఆ చారల వైరును ఎర్త్‌కు తప్ప దేనికీ వాడకూడదు. చివర టేపు చుట్టి వేరే పనికి వాడటం కూడా కుదరదు. మెషిన్ లోపల పవర్ వైర్లకు నలుపు, ఏసీ కంట్రోల్‌కు ఎరుపు, డీసీ కంట్రోల్‌కు నీలం వాడటం వాడుక. మెయిన్ స్విచ్ ఆఫ్ చేసినా కరెంటు మిగిలి ఉండే వైర్లు, అంటే ప్యానెల్ లైటు లాంటివి, నారింజ రంగులో ఉంటాయి.

ఒకసారి మా దగ్గర కట్టిన ప్యానెల్‌లో నలుపు వైరును న్యూట్రల్ బార్ మీద వేసి పంపాం. అక్కడి ఎలక్ట్రీషియన్ తలుపు తీసి, ఒక్క మాట కూడా మాట్లాడకుండా మెయిన్ స్విచ్‌కు తన తాళం వేసి వెళ్లిపోయాడు. మొత్తం వైరింగ్ మార్చాకే తాళం తీశాడు. కోపం వచ్చింది కానీ, తప్పు మాదే.

ఎర్త్ వైరు 10 స్క్వేర్ ఎంఎం వేయమంటున్నారు. చిన్న డ్రైవ్‌కి అంత లావు దేనికి?

షార్ట్ సర్క్యూట్ కరెంటు కోసం కాదు, మామూలుగా నడిచేటప్పుడు వచ్చే లీకేజీ కోసం. డ్రైవ్‌లోని ఫిల్టర్ కెపాసిటర్ల గుండా, మోటారు కేబుల్ షీల్డ్ గుండా ఎప్పుడూ కొంత కరెంటు ఎర్త్‌లోకి పోతూనే ఉంటుంది. అది ఏసీలో 3.5 మిల్లీ యాంపియర్లు దాటితే ఈఎన్ 61800-5-1 మూడు దారులు చూపిస్తుంది. ఎర్త్ వైరు రాగిదైతే కనీసం 10 స్క్వేర్ ఎంఎం, అల్యూమినియమైతే 16 ఉండాలి. లేదా అదే సైజులో రెండో ఎర్త్ వైరు విడిగా, వేరే టెర్మినల్ మీద వేయాలి. అదీ కాకపోతే ఎర్త్ తెగిన వెంటనే సప్లై దానంతట అదే కట్ అయ్యే ఏర్పాటు ఉండాలి.

ఎందుకింత పట్టుదల అంటే, ఎర్త్ వైరు ఊడిపోతే ఆ లీకేజీ అంతా డ్రైవ్ బాడీ మీద కూర్చుంటుంది. మెషిన్ మామూలుగానే తిరుగుతుంటుంది, ఎవరికీ అనుమానం రాదు. తర్వాత బాడీని ముట్టుకున్నవాడే దానికి ఎర్త్ వైరు. నేనైతే చిన్న డ్రైవ్‌లకు రెండో వైరు వేస్తాను. చౌక, బిగించడం తేలిక. ఒకే బోల్టు కింద రెండు లగ్గులు మాత్రం పెట్టకండి, అది ఒక్క ఎర్త్ కిందే లెక్క.

ఆర్‌సీడీ పదేపదే ట్రిప్ అవుతోంది. పెద్దది వేస్తే పోతుందా?

ఆర్‌సీడీ అంటే ఎర్త్‌లోకి లీకేజీ పోతే సప్లై కట్ చేసే స్విచ్. ముందు దాని రకం చూడండి. త్రీ ఫేజ్ డ్రైవ్‌లో లోపం వస్తే ఎర్త్‌లోకి నున్నటి డీసీ పోవచ్చు. మామూలు ఏ టైప్ ఆర్‌సీడీకి 6 మిల్లీ యాంపియర్లు దాటిన డీసీ తగిలితే దాని కోర్ మొద్దుబారుతుంది. తర్వాత మనిషికి నిజంగా షాక్ కొట్టినా అది ట్రిప్ కాకపోవచ్చు. అంటే పదేపదే పడిపోయే ఆర్‌సీడీ కంటే పడకుండా నోరు మూసుకున్నదే ప్రమాదం. త్రీ ఫేజ్ డ్రైవ్ ముందు ఆర్‌సీడీ వేయాల్సి వస్తే బీ టైప్ మాత్రమే వేయాలి. ఇంకోటి, ఆ బీ టైప్‌కు పైన ఏ టైప్ ఉంటే మళ్లీ కథ మొదటికొస్తుంది.

ఇక విలువ సంగతి. 30 మిల్లీ యాంపియర్లది మనుషుల రక్షణకు, 300ది అగ్నిప్రమాదం నివారించడానికి. డ్రైవ్ లీకేజీ ఒక్కటే 30ని తినేయగలదు, అందులోనూ కేబుల్ పొడవుగా ఉంటే. ఫ్రాన్స్, ఇటలీల్లో టీటీ సప్లై (మెషిన్ బాడీకి అక్కడే విడిగా ఎర్త్ రాడ్) ఎక్కువ, అక్కడ ఆర్‌సీడీ తప్పదు. జర్మనీలో టీఎన్ సప్లై (ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరి ఎర్తే వైరుగా వచ్చేది) ఉన్న ఫ్యాక్టరీలో మెషిన్‌ను ప్లగ్గు సాకెట్‌తో కాకుండా నేరుగా బిగిస్తే, చాలాసార్లు ఫ్యూజే ఆ పని చేస్తుంది. అందుకే ఆర్డర్ తీసుకునేటప్పుడే కస్టమర్‌ను రెండు ప్రశ్నలు అడగండి: సప్లై ఏ రకం, మెషిన్ ప్లగ్గుతోనా, నేరుగానా.

నార్వేకు పంపుతున్నాం. వేరే జాగ్రత్త ఏమైనా ఉందా?

ఉంది. నార్వేలో చాలాచోట్ల 230 వోల్టుల ఐటీ సప్లై ఉంటుంది, న్యూట్రల్‌ను ఎర్త్ చేయరు. అక్కడ మామూలు డ్రైవ్‌ను అలాగే కలిపితే లోపలి ఈఎంసీ ఫిల్టర్ కెపాసిటర్ల మీద వాటికి తగని వోల్టేజ్ పడుతుంది. ఒక ఫేజుకు ఎర్త్ ఫాల్ట్ వస్తే అవి పేలవచ్చు. చాలా డ్రైవ్‌లలో ఫిల్టర్‌ను, వేరిస్టర్‌ను ఎర్త్ నుంచి విడదీసే స్క్రూలు ఉంటాయి. ఐటీ సప్లై మీద ఆ స్క్రూలు తీసేయాలి. తీశాక ఆ డ్రైవ్ నాయిస్ కేటగిరీ మారిపోతుంది, దాన్ని కాగితాల్లో రాయాలి. వోల్టేజ్ కూడా 400 కాదు, 230 అని మర్చిపోకండి. మోటారు స్టార్‌లో ఉండాలా డెల్టాలో ఉండాలా అన్నది అక్కడ తేలుతుంది.

సీ1, సీ2, సీ3 అంటే ఏమిటి? మాకు ఏది కావాలి?

అవి డ్రైవ్ బయటకు వదిలే నాయిస్ తరగతులు. ఇళ్లకు సప్లై ఇచ్చే లో వోల్టేజ్ లైను మీదే మీ మెషిన్ కూడా ఉంటే అది మొదటి వాతావరణం. సొంత ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న ఫ్యాక్టరీ రెండోది. సీ1ను ఇళ్ల లైను మీద స్వేచ్ఛగా వాడొచ్చు. సీ2 కూడా అక్కడ వాడొచ్చు, కానీ ఈఎంసీ తెలిసినవాళ్లే బిగించి నడపాలి. సీ3 ఫ్యాక్టరీకి మాత్రమే. 1000 వోల్టులు గానీ 400 యాంపియర్లు గానీ ఆపైన ఉండేవి, క్లిష్టమైన సిస్టమ్‌లు సీ4.

"మాది ఫ్యాక్టరీయే కదా, సీ3 చాలు" అనుకునే ముందు చిరునామా చూడండి. ఊరి మధ్యలో ఉన్న బేకరీకి పిండి కలిపే మెషిన్ పంపితే, అది వీధిలోని ఇళ్ల లైను మీదే ఉంటుంది.

షీల్డ్ కేబుల్ వేశాం, ఎర్త్ కూడా చేశాం. అయినా ఎన్‌కోడర్ (మోటారు ఎంత తిరిగిందో లెక్కపెట్టే సెన్సర్) తప్పుడు కౌంట్ ఇస్తోంది. ఎందుకు?

షీల్డ్‌ను ఎలా కలిపారు? పురి తిప్పి, సన్నని తోకలా చేసి, ఒక లగ్గుతో ఎర్త్ బార్‌కు బిగించి ఉంటారు. మన దగ్గర నేర్పేది అదే. 50 హెర్ట్జ్‌కు అది ఎర్తే. డ్రైవ్ స్విచింగ్ తెచ్చే మెగాహెర్ట్జ్ నాయిస్‌కు మాత్రం ఆ తోక అడ్డుగోడ. షీల్డ్ చుట్టూ పూర్తిగా, 360 డిగ్రీలు లోహం పట్టుకోవాలి. డ్రైవ్ వైపు క్లాంపుతో, మోటారు వైపు లోహపు ఈఎంసీ గ్లాండుతో. మోటారు కేబుల్‌కు రెండు చివర్లా కలపాలి, "ఒకవైపే కలపాలి" అన్న పాత పాఠం ఇక్కడ పనికిరాదు.

తర్వాత చూడాల్సింది మౌంటింగ్ ప్లేట్. ఇటలీలో ఒక ప్యాకింగ్ లైన్ మీద రెండు రోజులు ఇదే జబ్బుతో కూర్చున్నాను. కేబుళ్లు మార్చాం, ఎన్‌కోడర్ మార్చాం, క్యారియర్ ఫ్రీక్వెన్సీ (డ్రైవ్ స్విచింగ్ వేగం) తగ్గించాం. చివరికి డ్రైవ్ విప్పి చూస్తే వెనక ప్లేట్‌కు నున్నటి పౌడర్ కోటింగ్. చూడ్డానికి ముచ్చటగా ఉంది, కరెంటుకు మాత్రం గాజు పలకతో సమానం. నాలుగు బోల్టుల చుట్టూ రంగు గీకి మళ్లీ బిగిస్తే ఎన్‌కోడర్ నోరెత్తలేదు. అప్పటి నుంచి మా ప్యానెళ్లలో రంగు వేయని గాల్వనైజ్డ్ ప్లేటే వాడుతున్నాం.

మిగిలినవి తేలిక. మోటారు కేబుల్‌కూ సిగ్నల్ కేబుల్‌కూ కనీసం 20 నుంచి 30 సెంటీమీటర్ల ఎడం ఉంచండి. ఒకదాన్నొకటి దాటక తప్పకపోతే 90 డిగ్రీల్లో దాటించండి. ఫిల్టర్‌లోకి వచ్చే వైర్లనూ బయటకు పోయే వైర్లనూ ఒకే డక్టులో వేస్తే ఫిల్టర్ ఉండీ లేనట్టే.

మెయిన్ స్విచ్ ఆఫ్ చేశాక వెంటనే డ్రైవ్ తెరవొచ్చా?

వద్దు! 400 వోల్టుల సప్లై మీద డ్రైవ్ లోపల డీసీ సుమారు 565 వోల్టులు ఉంటుంది. సప్లై తీసినా కెపాసిటర్లు దాన్ని పట్టుకునే ఉంటాయి. ఎంతసేపు ఆగాలో డ్రైవ్ ముందు భాగంలో రాసి ఉంటుంది. చాలావాటికి 5 నిమిషాలు, పెద్దవాటికి 15 వరకు. డిస్‌ప్లే ఆరిపోవడం గుర్తు కాదు, కెపాసిటర్‌లో కరెంటు ఉండగానే డిస్‌ప్లే ఆరిపోవచ్చు. సప్లై తీసిన 5 సెకన్లలో వోల్టేజ్ 60కి దిగకపోతే, ఎంతసేపు ఆగాలో చెప్పే హెచ్చరిక ప్యానెల్ మీద కనపడేలా ఉండాలని ఈఎన్ 60204-1 అంటుంది. డ్రైవ్ లోపలి లేబుల్ తలుపు మూస్తే కనపడదు, అందుకే తలుపు మీద ఇంకొకటి అతికించండి. ఆ దేశపు భాషలో ఉండాలి.

జర్మనీలో కొత్తగా చేరినవాళ్లతో ఐదు సూత్రాలు వల్లె వేయిస్తారు. సప్లై విడదీయి, మళ్లీ ఎవరూ ఆన్ చేయకుండా తాళం వేయి, కరెంటు లేదని కొలిచి చూడు, ఎర్త్ చేసి షార్ట్ చేయి, పక్కనున్న కరెంటు భాగాలను కప్పు. డ్రైవ్ విషయంలో మూడోది చేసేటప్పుడు మీటరును డీసీలో పెట్టి డీసీ బస్ (కెపాసిటర్లు ఉన్న డీసీ భాగం) టెర్మినళ్ల మధ్య కూడా కొలవాలి. ఏసీలో పెట్టి సున్నా చూసి చెయ్యి పెట్టినవాళ్లు ఉన్నారు.

డ్రైవ్‌లో ఎస్‌టీవో ఉంది. ఎమర్జెన్సీ స్టాప్ దానికి కలిపితే మెయిన్ కంటాక్టర్ తీసేయొచ్చా?

కంటాక్టర్ అంటే సప్లైని తెంచే పెద్ద రిలే. దాన్ని చాలా మెషిన్లలో తీసేయొచ్చు, కానీ ఎస్‌టీవో ఏం చేస్తుందో, ఏం చేయదో తెలిసి ఉండాలి. ఎస్‌టీవో అంటే మోటారుకు తిప్పే బలం అందకుండా చేయడం. వైర్లలో కరెంటు లేకుండా చేయడం కాదు. ఎస్‌టీవో నొక్కి మోటారు టెర్మినల్ బాక్స్ తెరిస్తే లోపల ప్రాణాంతకమైన వోల్టేజ్ ఉండవచ్చు. రిపేరుకు మెయిన్ స్విచ్ ఆఫ్ చేసి తాళం వేయాల్సిందే.

బరువు వేలాడే చోట ఎస్‌టీవో ఒక్కటే పెడితే ఆ బరువు కిందపడుతుంది. మెకానికల్ బ్రేకు తప్పదు. పెద్ద డ్రమ్ము తిరిగే సెంట్రిఫ్యూజ్ లాంటి చోట వెంటనే బలం తీసేస్తే అది నిమిషాల తరబడి దానంతట అది తిరుగుతూ ఉంటుంది. అక్కడ కేటగిరీ 1 స్టాప్ కావాలి, అంటే ముందు డ్రైవ్‌తో నెమ్మదింపజేసి, ఆగాక ఎస్‌టీవో. దీన్నే ఎస్‌ఎస్1 అంటారు. ఏ స్థాయి నమ్మకం కావాలో రిస్క్ అసెస్‌మెంట్ చేసి ఈఎన్ ఐఎస్‌వో 13849-1 ప్రకారం తేల్చాలి. డ్రైవ్‌కు ఉన్న రేటింగ్ బటన్‌కు, రిలేకు, వైరింగ్‌కు దానంతట అది రాదు. రెండు ఛానెళ్ల బదులు ఒక్క వైరుతో కలిపితే గొలుసులో బలహీనమైన కొక్కెం అదే.

ఒక చిన్న సంగతి, చాలామందికి తెలియదు. మెయిన్ స్విచ్ హ్యాండిల్‌ను ఎరుపు-పసుపులో పెట్టాలంటే అది ఎమర్జెన్సీ స్టాప్‌గా కూడా పనిచేయాలి. కాకపోతే నలుపు లేదా బూడిద రంగే. ఎత్తు 0.6 నుంచి 1.9 మీటర్ల మధ్య ఉండాలి.

కరెంటు పోయి వచ్చాక మెషిన్ దానంతట అదే స్టార్ట్ అయ్యేలా పెట్టమని కస్టమర్ అడుగుతున్నాడు.

పంపు, ఫ్యాను లాంటివాటికి, మనుషుల చేయి తగలని చోట పెట్టొచ్చు. చేయి పడే ఏ మెషిన్‌కూ వద్దు. ఆటో రీస్టార్ట్ పారామీటర్ కొన్ని డ్రైవ్‌లలో ఒక్క నంబరు మారిస్తే ఆన్ అవుతుంది. పారామీటర్ల జాబితాను ప్రింటు తీసి ఫైల్లో పెట్టండి, కీప్యాడ్‌కు పాస్‌వర్డ్ వేయండి.

డ్రైవ్‌లోనే ఓవర్‌లోడ్, షార్ట్ సర్క్యూట్ రక్షణ ఉంది కదా, ముందు ఫ్యూజ్ ఎందుకు?

ఆ రక్షణ మోటారు వైపు జరిగేదానికి. డ్రైవ్ లోపలే డయోడ్ బ్రిడ్జ్ షార్ట్ అయితే దాన్ని ఆపేది ముందున్న ఫ్యూజో బ్రేకరో మాత్రమే. మాన్యువల్‌లో రాసిన రకమే వేయండి. డ్రైవ్ ఎంత షార్ట్ సర్క్యూట్ కరెంటును తట్టుకుంటుందన్న పరీక్ష ఆ ఫ్యూజ్‌తోనే జరిగింది. జీజీ (మామూలు ఫ్యూజ్) బదులు ఏఆర్ (సెమీకండక్టర్ల కోసం వేగంగా తెగేది) అడిగితే ఏఆరే కావాలి.

బ్రేక్ రెసిస్టర్ విషయంలో ఏం చూడాలి?

మోటారును ఆపేటప్పుడు వెనక్కి వచ్చే శక్తిని వేడిగా పోగొట్టేది బ్రేక్ రెసిస్టర్. దాని మీదున్న థర్మల్ స్విచ్‌ను పీఎల్‌సీకి (మెషిన్‌ను నడిపే కంట్రోలర్‌కు) కలిపి అలారం మోగిస్తే చాలనుకుంటారు. బ్రేక్ ట్రాన్సిస్టర్ షార్ట్ అయితే డ్రైవ్‌ను ఆపినా రెసిస్టర్‌లోకి కరెంటు పోతూనే ఉంటుంది, అది ఎర్రగా కాలుతుంది. థర్మల్ స్విచ్ డ్రైవ్ ముందున్న కంటాక్టర్‌నే పడగొట్టాలి. అందుకే పైన కంటాక్టర్ తీసేయొచ్చు అన్నప్పుడు "చాలా మెషిన్లలో" అన్నాను. రెసిస్టర్ దగ్గర ప్లాస్టిక్ డక్టులు ఉండకూడదు, చేయి తగలకుండా జాలీ ఉండాలి.

యూరప్ చల్లగా ఉంటుంది కదా, కూలింగ్ గురించి టెన్షన్ లేదా?

ప్యానెల్ లోపల వేడి డ్రైవ్‌దే. 22 కిలోవాట్ల డ్రైవ్ 3 శాతం పోగొట్టినా 660 వాట్లు, ఒక చిన్న రూమ్ హీటర్. చాలా డ్రైవ్‌లకు పూర్తి రేటింగ్ 40 డిగ్రీల వరకే, ఆపైన ఒక్కో డిగ్రీకి దాదాపు 1 శాతం తగ్గించాలి. ఆల్ప్స్ కొండల్లో 1000 మీటర్ల పైన అయితే గాలి పల్చబడుతుంది, ప్రతి 100 మీటర్లకు ఇంకో 1 శాతం. డ్రైవ్‌కు పైనా కిందా మాన్యువల్ చెప్పిన ఖాళీ వదలండి.

మనకు తట్టనిది చెమ్మ. చలికాలంలో హీటింగ్ లేని షెడ్డులో శనివారం మెషిన్ ఆపితే సోమవారం పొద్దున్నకి బోర్డుల మీద నీటి బిందువులు. పవర్ వేయగానే ఢమాల్. సప్లై ఆపినా పనిచేసే చిన్న ప్యానెల్ హీటరు, హైగ్రోస్టాట్ (చెమ్మను బట్టి దాన్ని ఆన్ చేసేది) పెట్టండి. దాని వైరు నారింజ రంగు! ఓడలో వచ్చిన ప్యానెల్‌ను కూడా వెంటనే ఆన్ చేయకుండా ఒక రోజు లోపల ఆరనివ్వండి.

పాత మోటారును కొత్త డ్రైవ్‌తో నడపొచ్చా? కేబుల్ 80 మీటర్లు.

జాగ్రత్త. పొడవు కేబుల్ చివర పల్సులు ప్రతిఫలించి మోటారు టెర్మినళ్ల దగ్గర డీసీ బస్‌కు దాదాపు రెట్టింపు, అంటే 1100 వోల్టుల దాకా శిఖరాలు వస్తాయి. పాత వైండింగ్ ఇన్సులేషన్ దీనికి చేసింది కాదు. ఆ శిఖరాలను తగ్గించే డీయూ డీటీ ఫిల్టర్ గానీ సైన్ ఫిల్టర్ గానీ పెట్టండి. పెద్ద మోటార్లలో, సుమారు 100 కిలోవాట్లు దాటితే, షాఫ్ట్ గుండా కరెంటు పోయి బేరింగ్ ట్రాక్ మీద దువ్వెన గీతల్లాంటి గాట్లు పడతాయి. అక్కడ లోడ్ తగిలించని చివర ఇన్సులేటెడ్ బేరింగ్ వాడతారు.

ఫార్మా వాళ్లకు ప్రత్యేకంగా: సాల్వెంట్ ఉన్న గదిలో మోటారుకు 2014/34/ఈయూ, అంటే పేలుడు ప్రమాదం ఉన్న చోట్ల వాడే సామాన్ల అటెక్స్ డైరెక్టివ్ వర్తిస్తుంది. నేరుగా సప్లై మీద నడవడానికి సర్టిఫై చేసిన మోటారును డ్రైవ్ మీద వాడే హక్కు దానంతట అది రాదు. మోటారు సర్టిఫికెట్‌లో డ్రైవ్ మాట ఉందో లేదో చూడండి, వైండింగ్‌లోని పీటీసీని (వేడిని పసిగట్టే సెన్సర్‌ను) సరిగ్గా ట్రిప్‌కు కలపండి. వేగం తగ్గితే మోటారు ఫ్యాను కూడా నెమ్మదిస్తుంది, ఒళ్లు వేడెక్కుతుంది.

హార్మోనిక్స్ గురించి కస్టమర్ అడిగాడు, ఏం చెప్పాలి?

డ్రైవ్ ఇన్‌పుట్ కరెంటు సైన్ వేవ్‌లా ఉండదు. దాంట్లో 50 హెర్ట్జ్‌కు గుణిజాలైన కరెంట్లు, అంటే హార్మోనిక్స్, కలిసి ఉంటాయి. 5, 7, 11, 13వవి ఎక్కువ. చోక్ (కరెంటు ఎగుడుదిగుడులను తగ్గించే కాయిల్) ఉంటే వక్రత 40 శాతం చుట్టుపక్కల, లేకపోతే దానికి రెట్టింపు. ఫేజుకు 16 నుంచి 75 యాంపియర్ల మధ్య సామాన్లకు ఈఎన్ 61000-3-12 ఉంది. చోక్ ఉన్న డ్రైవ్ కొని, డేటాషీట్ చేతికివ్వండి.

మెగ్గర్ టెస్ట్ ఎలా చేయాలి? డ్రైవ్ కాలిపోతుందంటారు.

నిజమే, మెగ్గర్ ఇన్సులేషన్‌ను ఎక్కువ వోల్టేజ్‌తో పరీక్షిస్తుంది. మోటారు కేబుల్‌ను డ్రైవ్ దగ్గర విప్పి, కేబుల్‌నూ మోటారునూ మాత్రమే 500 వోల్టులతో కొలవండి. కనీసం 1 మెగా ఓమ్ రావాలి. దాని కంటే ముందు ఎర్త్ కొనసాగింపు చూడాలి. ప్రతి తలుపుకూ, మోటారు బాడీకీ, కేబుల్ ట్రేకీ 0.2 నుంచి 10 యాంపియర్ల మధ్య కరెంటు పంపి కొలిచి రాసిపెట్టుకోవాలి. తర్వాత మిగిలిన వోల్టేజ్ ఎంతసేపట్లో దిగుతుందో, ఎమర్జెన్సీ స్టాప్‌లు ఒక్కొక్కటీ పనిచేస్తున్నాయో చూడాలి. డ్రైవ్‌కూ మోటారుకూ మధ్య ఐసోలేటర్ ఉంటే దాన్ని నడుస్తుండగా తీస్తే ఏమవుతుందో కూడా చూసుకోవాలి. అందుకే దాని సహాయక కాంటాక్టును డ్రైవ్ ఎనేబుల్‌కు కలుపుతాం. అవుట్‌పుట్ వైపు పవర్ ఫ్యాక్టర్ కెపాసిటర్ మాత్రం ఎవరు చెప్పినా వద్దు.

కస్టమర్ సైట్‌లో నేనే కనెక్షన్ ఇవ్వొచ్చా?

మీకు పని వచ్చినా అధికారం ఉండకపోవచ్చు. జర్మనీలో ఎలెక్ట్రోఫాఖ్‌క్రాఫ్ట్ అనే గుర్తింపు ఉన్న మనిషి గానీ, ఆయన పర్యవేక్షణలో గానీ చేయాలి. మెయిన్ కేబుల్ వాళ్లతో వేయించి, మీరు పక్కన నిలబడి టార్క్ రెంచ్‌తో బిగించారా, సన్నటి తీగలకు ఫెర్రూల్ (చివర తొడిగే లోహపు గొట్టం) వేశారా చూసుకోండి.

మెషిన్‌తో పాటు ఏ కాగితాలు పంపాలి?

డిక్లరేషన్, ఆ దేశపు భాషలో మాన్యువల్, సర్క్యూట్ డయాగ్రాములు. రిస్క్ అసెస్‌మెంట్, టెస్ట్ రిపోర్టులు, డ్రైవ్ డేటాషీట్లతో టెక్నికల్ ఫైల్ మీ దగ్గర 10 ఏళ్లు ఉండాలి. మెషినరీ డైరెక్టివ్ కింద డిక్లరేషన్‌లో, ఆ ఫైల్ కూర్చి ఇవ్వగల మనిషి పేరు, యూరప్‌లోని చిరునామాతో రాయాలి. ఇండియా చిరునామా రాసి పంపినవి వెనక్కి రావడం నేను చూశాను. సర్క్యూట్ డయాగ్రాములో ఉన్నదీ ప్యానెల్‌లో ఉన్నదీ ఒకటే కావాలి. చివరి నిమిషంలో సైట్‌లో వేసిన రెండు వైర్లను కూడా డ్రాయింగులో ఎక్కించాకే విమానం ఎక్కండి.

రెండేళ్లుగా గోడౌన్‌లో ఉన్న స్పేర్ డ్రైవ్‌ను నేరుగా పెట్టి ఆన్ చేయొచ్చా?

చేయొద్దు. వాడకుండా ఉంటే ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ల లోపలి పొర పలచబడుతుంది, ఒక్కసారిగా పూర్తి వోల్టేజ్ ఇస్తే పొంగి పగలొచ్చు. తయారైన తేదీ లేబుల్ మీద చూసి, ఏడాది దాటితే మాన్యువల్‌లో రీఫార్మింగ్ పద్ధతి వెతకండి. వోల్టేజ్‌ను మెల్లగా, మెట్లుమెట్లుగా కొన్ని గంటల్లో పెంచుతారు. కస్టమర్‌కు స్పేర్ ఇచ్చేటప్పుడే దాని పెట్టె మీద "ఏడాదికోసారి పవర్ వేయండి" అని వాళ్ల భాషలో రాసి అతికిస్తాం.